ఉప్పులో క్లోరిన్, క్లోరోఫాంలో క్లోరిన్: మన పాత నిజాం రాజ్యం కథ



మన బిలోలి 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోనే ఉండేది. ఆ రాజ్యంలో జరిగిన ఒక పెద్ద పరిశోధన గురించి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు కొంచెం రసాయన శాస్త్రం. మన వంటింటి ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్ ఒకటి క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల రెండూ అయాన్లుగా మారి, గట్టి స్ఫటికంగా పేరుకుంటాయి. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి.

క్లోరోఫాంలో ఉన్నదీ అదే క్లోరిన్. అయితే ఇక్కడ ఇవ్వడం లేదు, పంచుకోవడమే. కార్బన్ తన నాలుగు ఎలక్ట్రాన్లతో మూడు క్లోరిన్లు, ఒక హైడ్రోజన్‌తో జంటలు కడుతుంది. దీన్నే సమయోజనీయ బంధం అంటారు. అణువు లోపల బంధం బలమైనదే, కానీ అణువుకూ అణువుకూ మధ్య ఆకర్షణ తక్కువ. అందుకే క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, గుడ్డ మీద పోస్తే గాలిలో కలిసిపోతుంది. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ దీన్ని మత్తుమందుగా వాడటానికి ఈ గుణమే కలిసొచ్చింది.

మత్తు వచ్చేది, కానీ కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెా అన్నది వైద్యుల మధ్య పెద్ద తగవు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ నడిపి, ఊపిరే ముందు ఆగుతుందన్నాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం, ఆ పత్రిక తరఫున ఒకరిని పంపమని వెయ్యి పౌండ్లు ఇచ్చింది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఆయన కూడా లారీ మాటే నిజమన్నాడు.

అదే ఊళ్లో వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యుల్లో ఆమె ఒకరు.

అయితే తీర్పు సగమే నిజం. 1911లో లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఆగిపోవచ్చని తేలింది. ఊపిరి ఒక్కటే చూసుకుంటే చాలన్న ధీమా ప్రమాదకరమైనదని అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి చూడండి. 1889 నాటికి ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు. దాన్ని థామ్సన్ 1897లో కనిపెట్టాడు. జంటగా పంచుకోవడం అన్న ఆలోచన లూయిస్ చెప్పింది 1916లో. అంటే బంధం ఎలా కట్టుకుందో తెలియకముందే ఆ మందుకు మన రాజ్యంలో పరీక్ష పెట్టారు. ఎంత పెద్ద ప్రయోగమైనా మళ్లీ ప్రశ్నించాలన్నదే నాకు దీనిలో కనిపించిన పాఠం.

పిల్లలకు ఉప్పు డబ్బా చూపిస్తూ ఈ కథ చెప్పండి. ఇక సెలవు.