అర్ధరాత్రి షవర్మా.. రుచి సరే, జాగ్రత్త ఏదీ?

హిందూపురం: రాత్రి పది దాటితే ఇడ్లీ బండ్లు మూతపడతాయి. ఆ వేళలో ఆకలిగొన్నవారిని నగరాల్లో ఆకర్షించేది నిలువు కడ్డీపై తిరుగుతూ నిప్పుల సెగకు కాలే కోడిమాంసం, అంటే షవర్మా. బెంగళూరు-గుంతకల్లు రైలు మార్గంలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాసులకు రాజధాని నగరాల ప్రయాణాల్లో ఈ వంటకం పరిచితమే. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో కియా కార్ల కర్మాగారం ప్రారంభమయ్యాక రాత్రి షిఫ్టుల పని ఈ ప్రాంతానికీ వచ్చింది. ఈ నేపథ్యంలో షవర్మా పూర్వాపరాలను, తినేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలుసుకోవడం అవసరం.

పేరులోనే తిరుగుడు

'తిప్పడం' అనే అర్థమున్న తుర్కీ పదం నుంచి షవర్మా అనే అరబ్బీ పేరు ఏర్పడింది. మాంసాన్ని నిలువు కడ్డీకి గుచ్చి కాల్చే పద్ధతి 19వ శతాబ్దంలో ఉస్మానియా తుర్కుల సామ్రాజ్యంలో వ్యాప్తిలోకి వచ్చింది. గ్రీకుల గైరోస్, మెక్సికోలోని అల్ పాస్తోర్ దీనికి జ్ఞాతులే. గల్ఫ్ దేశాలకు ఉపాధి నిమిత్తం వెళ్లివచ్చినవారి ద్వారా ఈ రుచి దక్షిణ భారతానికి చేరింది.

టోలిచౌకిలో తెల్లవార్లూ సందడి

తెలుగునాట షవర్మాకు పేరొందిన ప్రాంతం హైదరాబాద్‌లోని టోలిచౌకి. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు, అరబ్, ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఇక్కడ నివసించడంతో అరబ్బీ భోజనశాలలు వెలిశాయి. పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కస్‌కు అంతకంటే పాత చరిత్ర ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతీయుల వారసులు అక్కడ స్థిరపడ్డారు. 'బ్యారక్స్' అనే మాటే బార్కస్‌గా మారింది.

ప్రమాదం ఎక్కడ?

మాంసపు దిమ్మె పైపొర మాత్రమే సెగకు కాలుతుంది, లోపలిది పచ్చిగానే ఉంటుంది. కాలిన పొరనే చెక్కి వడ్డించాలి. గిరాకీ పెరిగినప్పుడు తొందరపడి లోతుగా కోస్తే సగం ఉడికిన మాంసం రొట్టెలోకి చేరుతుంది. సెగ ఆర్పి మళ్లీ వెలిగించినా, మిగిలిన దిమ్మెను మరునాటికి ఉంచినా సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. కోడిమాంసం లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితేనే సురక్షితం. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ సాల్మొనెల్లా క్రిమికి ఆవాసమయ్యే అవకాశముంది.

ఇవి ఊహాజనిత భయాలు కావు. 2022 మేలో కేరళలోని కాసరగోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిని అస్వస్థతకు గురైన 16 ఏళ్ల విద్యార్థిని మరణించింది. బాధితుల్లో షిగెల్లా క్రిమిని గుర్తించారు. 2023 సెప్టెంబరులో తమిళనాడులోని నామక్కల్‌లో మరో బాలిక ప్రాణం కోల్పోయింది. పచ్చి గుడ్ల మయోనైజ్‌ను కేరళ 2023 జనవరిలో నిషేధించింది. 2024 అక్టోబరులో తెలంగాణ, 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ఏడాది కాలానికి నిషేధం విధించాయి. పార్శిళ్లపై తయారీ తేదీ, సమయం ముద్రించాలని, గంటలోపు తినాలని సూచించాలని కేరళ నిబంధన తెచ్చింది.

వినియోగదారులు గమనించవలసినవి

* ఆహార భద్రత సంస్థ జారీచేసిన 14 అంకెల సంఖ్య దుకాణంలో కనిపించాలి.
* మాంసం ముక్కల్లో గులాబీ రంగు ఉంటే తినరాదు.
* మయోనైజ్ దేనితో చేశారో అడగాలి. వెల్లుల్లి, నూనె, నిమ్మరసంతో చేసే తూమ్‌లో గుడ్డు ఉండదు.
* పార్శిల్ తెచ్చుకుంటే వెంటనే తినాలి, ఉదయానికి దాచరాదు.
* వాంతులు, విరేచనాలు, జ్వరం కనిపిస్తే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఏమాత్రం ఆలస్యం తగదు.

సెగ ఆరకుండా, పైపొరనే కోసి, ఆనాటి మాంసాన్ని ఆనాడే ముగించే దుకాణదారుడికి ఈ నియమాలు భారం కావు. అర్ధరాత్రి ఆకలితో వచ్చే కార్మికుడికి, విద్యార్థికి అతడివ్వగల భరోసా అదే.