తోటమాలి నిర్మించిన సేతువు

సేతువనగానే మన మనస్సునకు మొదట స్ఫురించునది రామసేతువు. నలుని నేర్పును, వానరుల శ్రమను ఐదు దినముల లెక్కతో సహా వాల్మీకి మహర్షి వర్ణించినాడు. రాజులు కట్టించిన సేతువులకు శాసనములు సాక్ష్యము పలుకును. ఒక గృహస్థు తన భూమిలోనికి బండి తోలుకొనుటకై వేసికొను చిన్న వంతెన మాత్రము సాధారణముగా ఏ గ్రంథమునకును ఎక్కదు. ఐనను అట్టి స్వంత వంతెన యొకటి సేతునిర్మాణ చరిత్రలో ఒక క్రొత్త యుగమునకు తొలి గుర్తుగా నిలిచినది. అది ఫ్రాన్సు దేశపు మధ్యభాగమున షాజెలే అను పల్లెలోని కోట అగడ్తపై 1875వ సంవత్సరమున వెలసినది. నిర్మాత పేరు జోసెఫ్ మొనియే, వృత్తి తోటపని.

అంతవరకు చిన్న వంతెనకు లోకమున ప్రసిద్ధములైన ఉపాయములు రెండు. మొదటిది దూలము. మనవారు కాలువలపై తాటిదుంగలు పరచి, పైన కంపయు మట్టియు కప్పినట్లే, ఆయా దేశములవారు తమకు దొరకిన మ్రాకులను పరచుచుండిరి. తడికి క్రుళ్లుట, చెదలు పట్టుట దాని దోషములు. రెండవది కమాను. రాళ్లనో ఇటుకలనో విల్లువలె పేర్చినచో పైబరువు వానిని ఒకదానికొకటి ఒత్తి మరింత బిగించును. వైనతేయ గోదావరిపై గన్నవరము వద్ద 1850 దశకమున హేగ్ దొర కట్టించిన 49 ఖానాల అక్విడక్టు ఈ విద్యకు మన దేశమందలి గొప్ప నిదర్శనము. కాని అది ప్రభుత్వధనముతో జరిగిన కార్యము. కమానునకు ముందుగా కొయ్యతో మూస కట్టవలెను; నేర్పరులైన తాపీపనివారు కావలెను; ఇరుగట్లను బలమైన ఆనుగోడలు లేవవలెను. సామాన్యునకు అది భారమైన పని.

మొనియే 1823 నవంబరు 8వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని ఒక గ్రామమున జన్మించెను. అతని కుటుంబమువారు ఉజెస్ ప్రభువుల తోటలలో పనివారు. ఇంట పదిమంది పిల్లలు. తోటపనికి చేతులు చాలక, తోబుట్టువులు బడికి పోవుచుండగా ఇతనిని పనిలోనే నిలిపిరి. పదునేడేండ్ల ప్రాయమున ఇతని పనితనమును మెచ్చి ప్రభువు పారిసు నగరమందలి తన భవనమునకు రప్పించెను. చదువను వ్రాయను ఇతడు నేర్చినది అచ్చటనే, పగటి పని ముగిసిన పిదప, రాత్రిబడిలో.

1846లో పారిసునందలి రాజోద్యానమున నారింజచెట్ల శాల ఇతని వశమయ్యెను. ఆ దేశపు చలికి నారింజ తాళదు. కావున చెట్లను తొట్లలో పెంచి, చలికాలమున శాలలోనికి, వేసవిలో ఆరుబయటికి మోయవలసియుండెను. కొయ్యతొట్లు క్రుళ్లుచుండెను, మట్టితొట్లు మోయునపుడు పగులుచుండెను. వట్టి సిమెంటుతో చేసినవి బరువెక్కుటయే కాక వ్రేళ్ల ఒత్తిడికి బీటలు వారుచుండెను. మొనియే గంప అల్లినట్లు ఇనుపతీగలను అల్లి వానికి సిమెంటు మెత్తెను. మన పల్లెలలో వెదురు గాదెకు పేడమట్టి మెత్తు విధమే ఇది. తొట్టి పలుచనయ్యెను, తేలికయయ్యెను, పగులుట మానెను.

ఇనుమును సిమెంటును కలిపినవారిలో ఇతడే మొదటివాడని చెప్పరాదు. అదే దేశమున లాంబో అను భూస్వామి 1848లోనే ఇట్టి పడవను చేసి, 1855లో పారిసు ప్రదర్శనమున ఉంచెను. కాని పడవతో ఆగిన ఆలోచనను మొనియే మెట్టుమెట్టుగా నడిపించెను. 1867 జూలై 16న తొట్లకును, 1868లో గొట్టములకును, 1869లో పలకలకును, 1873లో వంతెనలకును అతడు పేటెంటు హక్కులు సంపాదించెను.

వంతెన హక్కు చేతనున్నను, ఇంజనీరు పట్టములేని తోటమాలిని నమ్మి నదిపై వంతెన కట్టనిచ్చు ప్రభుత్వము ఎక్కడ నుండును? ఆ విశ్వాసమును చూపినవాడు షాజెలే కోట యజమానియైన తిలియేర్ ప్రభువు. తన భూమి, తన అగడ్త, తన ధనము. నష్టము వచ్చినను తనదే. ఆ వంతెన పొడవు సుమారు 14 మీటర్లు, అనగా 45 అడుగులు. వెడల్పు నాలుగు మీటర్ల పైచిలుకు, గుఱ్ఱపుబండి సుఖముగా సాగునంత. లోకమున ఇనుపకడ్డీల కాంక్రీటుతో లేచిన తొలి వంతెన ఇదియేనని చరిత్రకారులు తలంతురు. అది నేటికిని నిలిచియున్నది.

నిండుబండి తాటిదూలముపై నిలిచినపుడు దూలము నడుమ క్రుంగును. అపుడు పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగును. కాంక్రీటు నొక్కుడును రాతివలె సహించును గాని లాగుడునకు పెళుసు. ఇనుము లాగుడునకు గట్టిది. కాంక్రీటు ఇనుమును గట్టిగా పట్టుకొనును, తుప్పునుండి కాపాడును. ఎండకు రెండును ఇంచుమించు సమానముగా వ్యాకోచించుటచే వేరుపడవు. ఇంత చక్కని సంబంధము కుదిరినను, మొనియే దృష్టిలో ఇనుము తొట్టికి రూపమిచ్చు అస్థిపంజరము మాత్రమే. అది దూలములో ఎచ్చట నుండవలెనో లెక్కకట్టి 1886లో ప్రకటించినవాడు కోనెన్ అను జర్మను ఇంజనీరు. సాగు భాగముననే, అనగా ఇరుగట్లపై ఆనిన దూలమునకు అడుగుననే, ఇనుము ఉండవలెనని అతని సిద్ధాంతము. అప్పటికి జర్మనీలో మొనియే హక్కులను కొనిన వైస్ అను నిర్మాత, పరీక్షలు చేయించి, 1887లో ‘మొనియే పద్ధతి’ అను పుస్తకమును అచ్చువేయించెను.

అగడ్తపై వంతెన కదలదు. పుస్తకము దేశదేశములకు నడచును. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున యారా నదిపై 1899లో లేచిన వంతెన మొనియే పద్ధతిదే. మన రాజమహేంద్రవరమున 1900 సంవత్సరమున తెరచిన హేవలాక్ వంతెన ఇనుప గర్డర్లది. దానికి బదులుగా 1997లో రైళ్లకు తెరచిన విల్లు వంతెన, 97 మీటర్లకు మించిన ఖానాలు 28 కలది, కాంక్రీటుది. నారింజతొట్టి వంశము అంతవరకు పెరిగినది.

అట్టి విద్యకు బాట వేసిన మొనియే వ్యాపారము 1888లో దివాలా తీసెను. వృద్ధాప్యమున లేమిని అనుభవించి 1906 మార్చిలో అతడు పారిసులో కన్నుమూసెను. సొమ్ము పరులదయ్యెను, పేరు మాత్రము పద్ధతికి నిలిచెను.

ఈ చరిత్ర మన గట్లకును అక్కరకు వచ్చును. పొలమునకు వంతెన వేసికొనువారు ముందుగా నీటికి దారి విడువవలెను. కాలువను ఇఱుకు చేసినచో ఎగువవాని చేను మునుగును, దిగువవాని చేను ఎండును, వంతెన పునాది కోసికొనిపోవును. ప్రభుత్వపు కాలువయైనచో అనుమతి పొందవలెను. ఎద్దుబండి లెక్కతో వేసిన పలకపైకి ధాన్యపు లారీని తోలరాదు. కడ్డీలు అడుగువైపుననే, సిమెంటు పొరలో మునిగి యుండవలెను. పైకి తేలిన ఇనుము తుప్పుపట్టి కాంక్రీటును చీల్చును. పోత పోసిన పిదప తడిగోనెలో వరిగడ్డియో కప్పి దినదినము నీరు చల్లవలెను. పూర్తిబలము వచ్చుటకు ఇంచుమించు నెలదినములు పట్టును. తొందరపడి మరునాడే బండి తోలినవాని వంతెన మరుసటి వానకాలము చూడదు. ఎన్ని కడ్డీలు, ఎంత మందము అనునది లెక్క తెలిసినవారిని అడిగి నిర్ణయించుకొనవలెను.

ఒకడు చేతితో కనుగొనెను, ఒకడు తన భూమిని ఇచ్చెను, ఒకడు లెక్క తేల్చెను, ఒకడు అచ్చువేసెను. ఈ నలువురిలో ఎవరు లేకున్నను ఆ విద్య అగడ్త దాటకపోవును. గ్రామమున గ్రంథాలయమునకు గల పని అట్టిదే. పగలెల్ల పొలముపని చేసి సాయంకాలము దీపముక్రింద పుస్తకము తెరచు పనివానికి ఇచ్చట చోటున్నంతకాలము, తరువాతి మొనియే ఏ తోటనుండియైనను రావచ్చును. ఇరువదియైదేండ్లు ఆ దీపమును ఆరనీయక కాపాడిన గ్రామస్థులు ధన్యులు.