చెన్నపురి పెద్దనాయకునిపేట యిండ్లు

చెన్నపురిలోని సెంటుజార్జి కోటకు ఉత్తరమున పెద్దనాయకునిపేట, ముత్యాలుపేట యను రెండు పేటలు కలవు. కోటను ఆనుకొనియుండిన పాత బ్లాకుటౌనులో కొంతభాగమును 1746 లో పట్టణమును గైకొన్న ఫ్రెంచివారును, 1749 లో దానిని తిరిగి పొందిన పిమ్మట మిగిలినదానిని ఆంగ్లేయులును పడగొట్టిరి. అందుచే వర్తకులు ఈ పేటలలో స్థిరపడిరి. 1906 లో వీనికి జార్జిటౌనని పేరిడబడెను. అయినను పట్టణపు కావలికి నాయకుడైన పెద్దనాయకుని పేరును, లింగిసెట్టి, తంబుసెట్టి మున్నగు వర్తకుల పేళ్లును నేటికిని నిలిచియున్నవి.

పందొమ్మిదవ శతాబ్దిలో ఇచ్చటి కట్టడములకు గ్రీకు, రోమను రీతుల స్తంభములు అలంకారములయ్యెను. 1850 నాటికి పూర్తియైన పచ్చయప్ప మందిరము ఏథెన్సులోని ఆలయమును అనుకరించి కట్టబడినది. ధనికుల వాసగృహములును ముఖభాగమున అట్టి స్తంభములను ధరించెను.

అయినను గృహగర్భము మారలేదు. వీథిని ఆనుకొని అరుగు, అరుగు దాటిన నడవ, పిమ్మట మండువా, దాని చుట్టును వసారాలు, వెనుక వంటయిల్లు, పెరడు. ఇట్లు నిలుచుటకు కారణము స్పష్టము. వర్తకవీథిలో స్థలము ప్రియము గాన ఇంటి వెడల్పు తక్కువ, పొడవెక్కువ. ఇరుప్రక్కల గోడలు పొరుగిండ్లను ఆనుకొనియుండుటచే కిటికీల కవకాశము లేదు. గాలియు వెలుతురును మండువానుండియే రావలెను. స్తంభములు పెట్టవచ్చును గాని మండువాను తీసివైచుటకు వీలులేదు.

పనితనమును దేశీయమే. దగ్గరదగ్గరగ వేసిన టేకు దూలములపై పలుచని యిటుకలను అంచుమీద నిలిపి సున్నముతో ఐమూలగా పేర్చి, పైని ఇటుకముక్కలు కలిపిన సున్నమును దిమ్మిసకొట్టి మిద్దెలు వేసిరి. ఆంగ్లేయుల మేడలకును ఈ మిద్దెయే పైకప్పయ్యెను. సముద్రపు గుల్లలను కాల్చి తీసిన సున్నముతో మెరుగుపెట్టిన గోడలు చలువరాతివలె మెరయుటచే విదేశీయులును వానిని ప్రశంసించిరి.

కావున స్తంభములను మాత్రము చూచి ఈ యిండ్లను పాశ్చాత్యములని నిర్ణయించుట యుక్తముకాదు. పాశ్చాత్యత వీథివైపు గోడతో ముగియుచున్నది. అటుపిమ్మటిది కుటుంబజీవనమునకును నేలకును తగిన పూర్వపద్ధతి. నేడు ఈ పాతయిండ్లు పెక్కులు కూల్చబడి వాని తావున అంతస్తుల కట్టడములు లేచుచున్నవి. ముఖభాగపు ఛాయాచిత్రములతో తృప్తినొందక, మిగిలిన యిండ్ల లోపలి యేర్పాటును కొలిచి పటములు వ్రాయించుట చరిత్రాభిమానులకు తక్షణ కర్తవ్యము. మండువా పోయిన పిమ్మట స్తంభములు చెప్పు సాక్ష్యము సగము మాత్రమే.