‘టేక్ ఆఫ్’: ఒక ఆంగ్ల క్రియ అర్థచరిత్ర

ధాతువు, అవ్యయం కలిసి కొత్త అర్థమిచ్చే ఆంగ్ల క్రియలను లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరుతో వివరించాడు. వాటి బెడద మాత్రం పాతదే. విదేశీయులకు ఇవే మిక్కిలి కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటు పీఠికలోనే గుర్తించాడు. ఆయన ఉదాహరణలలో ‘టేక్ ఆఫ్’ ఒకటి. అక్కడ ఇచ్చిన అర్థం ‘అనుకరించు’!

‘టేక్’ స్కాండినేవియా నుండి వచ్చి, ప్రాచీనాంగ్లంలోని ‘నిమన్’ను క్రమంగా తొలగించిన ధాతువు. ‘ఆఫ్’తో కూడినపుడు దాని మూలార్థం వేరుచేసి తీయడం. దుస్తులు విప్పడం, ధర తగ్గించడం ఆ కోవలోనివే. ‘మాక్బెత్’ నాటకంలో దీని నామరూపం ఏకంగా రాజహత్యను సూచిస్తుంది. లోకం నుండి తీసివేయడమే కదా. నేల విడిచి దూకడమనే అర్థం విమానాలకంటె ముందే ఉంది. రోస్టో 1956లో దానిని ఆర్థికవృద్ధిలో ఒక దశకు పేరుగా నిలిపాడు.

తెలుగు వైయాకరణులు చెప్పే శబ్దపల్లవం దీనికి దగ్గరి పోలిక. ‘మేలుకొను’లో మేలును, కొనడాన్ని ఎంత వెదకినా మెలకువ దొరకదు. అయితే తెలుగులో ఆ పదం ధాతువుకు ముందుంటుంది. ఆంగ్లంలో వెనుకకు చేరి, ‘టేక్ యువర్ హ్యాట్ ఆఫ్’ అన్నట్లు, కర్మను సైతం నడుమకు రానిస్తుంది.