కుప్పం కంప్యూటర్లు, జిప్ ఫైళ్లు
2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టినప్పుడు అందరూ కంప్యూటర్ల గురించే మాట్లాడారు. కానీ కుప్పం, పుంగనూరు, మదనపల్లెల కంప్యూటరు చరిత్రలో ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌కూ చోటుండాలి. ఆనాటి ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లే. 1989లో ఫిల్ కాట్జ్ తెచ్చిన జిప్ పద్ధతి యూనికోడ్ తెలుగుకు మరీ మేలు చేసింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండే రకాలు. మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని చిన్నది చేయడమే జిప్ పని.

జేపెగ్ ఫొటోలు దీంతో తగ్గవు కదా అంటే, నిజమే. అవి ముందే కుదించినవి. డిస్కులు చవకయ్యాక జిప్ ఎందుకన్న వాదన మాత్రం నిలవదు. వర్డ్ 2007 నుంచి మనం దాచుకుంటున్న డాక్స్ ఫైలు లోపలున్నది జిప్పే.