రంగం దారిలో వెదురు ఆసుపత్రులు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో రంగూన్‌ని ‘రంగం’ అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి వెళ్లినవాళ్లు అక్కడ ఓడల సరుకు దించారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, ఊరి పాయిఖానాలు ఎత్తారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో 4 లక్షల మంది ఉంటే సగానికి పైగా భారతీయులే. తెలుగువాళ్లలో ఆడవాళ్లు బాగా తక్కువ. తక్కువ గనక రంగం కథంటే మగవాళ్ల కథే అనుకోవడం మనకు అలవాటైపోయింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మొదట పారిపోయినవాళ్లలో పాకీపనివాళ్లూ ఉన్నారు. వాళ్లు కదిలితే నగరమూ ఆసుపత్రులూ నడవవని ప్రభుత్వానికి అప్పుడు తెలిసొచ్చింది! ఓడలో చోటు దొరకనివాళ్లు 4 లక్షల మందికి పైగా కొండదారుల్లో నడిచారు. ప్రోమ్ దగ్గర వేలమందిని ఆపేస్తే అక్కడ కలరా పుట్టింది. తెల్లవాళ్లకొక దారి, నల్లవాళ్లకొక దారి అన్న ఆరోపణ ఎంత బలంగా వచ్చిందంటే, 1942లో అలహాబాదులో కాంగ్రెస్ కమిటీ ఆ వివక్షను ఖండిస్తూ తీర్మానం చేసింది.

తమూ నుంచి ఇంఫాల్ మీదుగా దిమాపూర్ దాకా ఒక దారి, హుకాంగ్ లోయ నుంచి లెడో దాకా మరొకటి. ఈ దారుల్లో విడిదులు, ఆసుపత్రులు లేచాయి. ఆసుపత్రి అంటే వెదురు గుంజలు, ఆకుల కప్పు, పడుకోవడానికి నేలకు కాస్త ఎత్తున వెదురు మంచె. జబ్బులు కలరా, మలేరియా, రక్తవిరేచనాలు, కాళ్లను తినేసే పుళ్లు. మే 10న ఇంఫాల్ మీద బాంబులు పడేసరికి ఊరే ఖాళీ అయింది. ఆ వెంటనే వానలు.

ఆ పాకలు ఇప్పుడు లేవు, కాగితాలు మాత్రం కొన్ని మిగిలాయి. తేయాకు తోటల యజమానుల సంఘం చేసిన సహాయం గురించి జెఫ్రీ టైసన్ 1945లో పుస్తకం రాశాడు. ఏనుగుల మీద మనుషుల్ని వరద నది దాటించిన గైల్స్ మాక్రెల్ డైరీ, తీసిన ఫిల్ము కేంబ్రిడ్జిలో ఉన్నాయి. అమెరికన్ వైద్యుడు గోర్డన్ సీగ్రేవ్ తన కచిన్, కరెన్, షాన్ నర్సులతో కలిసి నడిచివచ్చి, 1943లో ‘బర్మా సర్జన్’ ప్రచురించాడు. ఆ నర్సులకు అందులో పేర్లున్నాయి. నాకైతే అన్నిటికన్నా విలువైన విషయం అదే. అయితే అవి కూడా డాక్టరు రాస్తేనే దక్కిన పేర్లు.

మరి పాకలు కట్టిందెవరు? రోగుల్ని మోసిందెవరు? తోటల కూలీలు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూడా అస్సాం తోటలకు కూలీల్ని తీసుకెళ్లేవారు. అంటే మంచె కట్టిన మనిషిదీ, దానిమీద జ్వరంతో పడివున్న మనిషిదీ ఒకే తాలూకా అయివుండొచ్చు. ఆ కాగితాలకు ఆ సంగతి పట్టదు. దారిలో చనిపోయినవాళ్ల సంఖ్యను ఒకరు 10 వేలంటారు, మరొకరు 50 వేలు దాటిస్తారు. సంఖ్యే తేలనిచోట ఆడవాళ్లెందరో ఎవరు చెబుతారు?

ఇంకో చిక్కుంది. ఆసుపత్రి కాగితం ఆసుపత్రి దాకా చేరినవాళ్లదే. పాకకు రెండు మైళ్ల ఇవతల చెట్టుకింద మొగుడి పుళ్లు కడిగిన మనిషి చేసింది నర్సు పనే. దారిలోనే కాన్పులయ్యాయి. వాటికి మంత్రసానిగా నిలిచిన తోటి ప్రయాణికురాలు ఏ రిజిస్టరులోకి వస్తుంది?

తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటల్ని ‘మనకు తెలియని మన చరిత్ర’గా స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చింది. అప్పటికి పోరాటం ముగిసి 35 ఏళ్లు. చెప్పడానికి మనుషులున్నారు. 1942లో తల్లి చెయ్యి పట్టుకుని నడిచిన పదేళ్ల పిల్లకు ఇవాళ తొంభై దాటాయి. 1960లలో వచ్చినవాళ్లతో ఏర్పడిన విశాఖ బర్మా క్యాంపులోనూ, కళింగపట్నం చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇక అడగవలసింది ఆమె కూతుళ్లనీ మనవరాళ్లనీ. ఎంతమంది చచ్చిపోయారు అని కాదు. ‘మీ అమ్మమ్మ ఆ దారిలో ఎవరికి సేవ చేసింది? ఏ ఆకు నూరి కట్టింది?’ అని.