ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం

హైదరాబాదులో తార్నాకను ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రధాన కట్టడం ఆర్ట్స్ కాలేజీ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1934 జులై 5న దీనికి శంకుస్థాపన చేశాడు. 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవమూ ఆయన చేతుల మీదుగానే జరిగింది.

విశ్వవిద్యాలయం మాత్రం అంతకంటే పాతది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పాలని 1917లో ఫర్మానా వెలువడింది. 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. సొంత ప్రాంగణానికి అడిక్‌మెట్ వైపు విశాలమైన భూములను ఎంచుకున్నారు.

భవనం ఎలా ఉండాలో తేల్చుకోవడానికి జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను నిజాం ప్రభుత్వం విదేశాలకు పంపింది. యూరప్, అమెరికా, జపాన్, ఈజిప్టు విశ్వవిద్యాలయాలను చూసి రావడం వాళ్ల పని. అప్పట్లో అమెరికాలో పెద్ద విద్యాలయమంటే గోథిక్ శైలిదే పైచేయి. పిట్స్‌బర్గ్‌లో 42 అంతస్తుల గోథిక్ గోపురాన్ని 'కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్' పేరుతో తరగతి గదుల కోసమే లేపుతున్నారు. హైదరాబాదు ఆ బాట పట్టలేదు. కైరో శివార్లలోని హీలియోపొలిస్ ప్యాలెస్ హోటల్‌కు రూపకల్పన చేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌కు ఈ పని అప్పగించారు. ఆ హోటలే ఇప్పుడు ఈజిప్టు అధ్యక్ష భవనం.

ఈ శైలిని 'ఇండో సారసెనిక్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు కానీ, మెట్ల దగ్గర నిలబడి చూస్తే ఆ మాట చాలదనిపిస్తుంది. నడిమధ్య చతురస్రపు చట్రంలో, లోపలికి గుహలా వంగిన ఎత్తైన మొనదేలిన కమాను ఇరాన్ మసీదుల ద్వారాలను తలపిస్తుంది. దానికి రెండు పక్కలా సాగే వసారాల్లోని బరువైన స్తంభాలు, వాటి తలలపై బోదెలు మాత్రం అజంతా, ఎల్లోరాల తరహావి. ఒకదాని పక్కన ఒకటి ఉన్నా పేచీ లేదు. గులాబీ ఛాయ గ్రానైటు రెండింటినీ కలిపేసింది.

ఆ కమాను దగ్గర కాస్త ఆగాలి. మొనదేలిన కమాను అనగానే గోథిక్ చర్చిలే గుర్తొస్తాయి కానీ, కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదులో 879 నాటికే అలాంటివి వరుసగా నిలిచి ఉన్నాయి. గోథిక్‌కు ఆరంభమని చెప్పే పారిస్ దగ్గరి సాన్ దనీ చర్చి గర్భాలయం 1144లో గానీ పూర్తవలేదు. బరువును పక్కలకంటే కిందికే ఎక్కువగా దించుతుంది కాబట్టి, ఈ కమానుతో కప్పును ఎత్తుగా లేపడం సులువు. అందుకే మసీదుకూ చర్చికీ అది పనికొచ్చింది.

అచ్చమైన గోథిక్ చూడాలంటే మాత్రం మెదక్ వెళ్లాలి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన కేథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురం, ఇంగ్లిష్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రంగుటద్దాల కిటికీలు: అక్కడ శైలిని విలాయతు నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. పదేళ్ల తర్వాత అదే నిజాం ఏలుబడిలో పునాది పడిన ఆర్ట్స్ కాలేజీ ఊళ్లూ దేశాలూ తిరిగి, ఏరుకుని కట్టింది. కొత్తదనం దీనిదే.

భవనం ఇంకా కడుతుండగానే, 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. వారిలో చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. హైదరాబాదు సంస్థానం 1948లో భారత్‌లో కలిశాక ఉర్దూ స్థానంలో బోధన ఇంగ్లిష్‌కు మారింది. 1969లోనూ, 2009 తర్వాతా ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఈ మెట్ల ముందరి మైదానమే అడ్డా అయింది. 2010 జనవరి 3న ఆ ఉద్యమ సభ 'విద్యార్థి గర్జన' జరిగిందీ ఇక్కడే.